వెట్టికి కొత్త పేరు వాలంటీరా?

(కొలిమిగుండ్ల రాతలు – 9)



పోయిన భాగంలో కమ్యూనిటీ రేడియో గురించి నాలుగు మాటలు రాస్తే ఇన్‌బాక్స్ నిండిపోయింది. నంద్యాల, ఆళ్ళగడ్డ, బనగానపల్లె వైపు నుంచి పిల్లలు రాశారు. “సార్, మనమూ ఒక స్టూడియో పెట్టుకుందాం. మైకుంది, లాప్‌టాప్ ఉంది, గది చూసుకున్నాం, వాలంటీర్లకి కొదవ లేదు.” అన్ని మెసేజీల సారం ఇదే. మిక్సర్ ఏ కంపెనీది కొనాలో అడిగారు. లైసెన్సుకి ఎవరిని పట్టుకోవాలో అడిగారు. ఆ గదిలో కూర్చునే మనిషికి గాలి యాడ నుంచి వస్తుందో ఒక్కరూ అడగలేదు. ఎర్తింగ్ మాట ఎత్తలేదు. టవర్ ఎవరు ఎక్కాలి, ఎక్కినోడు జారిపడితే ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టాలి అన్నది ఎవరికీ తట్టలేదు.

అందుకే ఈ భాగం మొత్తం దాని మీదే. ఇది చప్పటి సబ్జెక్టు అనుకునేవాళ్ళు ఇప్పుడే స్క్రోల్ చేసి వెళ్ళిపోవచ్చు. ఉన్నవాళ్ళకి ముందే చెబుతున్నా: దళితుల గొంతు అని బోర్డు పెట్టుకున్న ఏ స్టూడియో అయినా సరే, లోపల పనిచేసే దళిత శరీరానికి లెక్క చెప్పకపోతే అక్కడ జరుగుతున్నది వెట్టి. జీతం ఇవ్వడం లేదు కాబట్టి జవాబు కూడా ఇవ్వనక్కర్లేదు అనే లెక్క మనకు కొత్తది కాదు. మన తాతలకి బాగా తెలుసు.

ఊరికి రేడియో ఎవరు?

రేడియో పెట్టె రాకముందు ఊరికి రేడియో ఎవరు? మనమే. పశువు తప్పిపోయినా, శిస్తు కట్టమన్నా, జాతర అన్నా, తప్పెట మెడలో వేసుకుని వీధి వీధీ తిరిగి చాటింది మాదిగ. చావు కబురు పొరుగూరికి మోసింది మాల మాదిగలు. నడిరాత్రయినా, వానయినా, నడిచిపోయి చెప్పాల. మాట ఊరి పెద్దది, గొంతు మనది. కూలి ఎంత? కళ్ళంలో నాలుగు చేటల గింజలు. దానికి కూలి అనే పేరు కూడా లేదు, ఆనవాయితీ. దారిలో పాము కరిస్తే వాని ఖర్మ. అరిచి అరిచి గొంతు పోతే, వాడలో ఇంకో గొంతు ఉంది కదా.

వెట్టి అంటే డబ్బులు ఇవ్వకపోవడం ఒక్కటే అనుకుంటాం. అది సగమే. పనిలో మనిషికి ఏమైనా అయితే పని చెప్పినోనికి ఏ సంబంధమూ ఉండకపోవడం మిగతా సగం. ఇప్పుడు “వాలంటీర్” అనే మాట పక్కన పెట్టి చూడండి. డబ్బులు లేవు. ఏమైనా అయితే సంబంధం లేదు. “తనే ఇష్టపడి వచ్చాడు కదా” అంటారు. చాటింపుకి పోయినోణ్ణి కూడా అట్లే అనేవాళ్ళు: వానికి ఆ పనంటే ఇష్టం, తప్పెట కొట్టడం వాళ్ళ రక్తంలోనే ఉంది అని.

నేను పాఠం చెప్పేది తెలుగు సాహిత్యం కాబట్టి అక్కడి సంగతి ఒకటి చెబుతాను. జాషువా అంటే మన పిల్లలకి గబ్బిలం తెలుసు. 1941 నాటి కావ్యం. గుడిలోకి పోలేని మనిషి తన మొరని గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి పంపుకుంటాడు. గాలిలో పోయిన మొదటి దళిత ప్రసారం అదే అని క్లాసులో నవ్వుతూ చెబుతుంటాను. అదే జాషువా గొంతు అమ్ముకుని కూడా బతికాడని చాలామందికి తెలీదు. కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ, మాటలు చదివే పని చేశాడు. వయసు మళ్ళాక 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో ప్రోగ్రాం ప్రొడ్యూసర్. అంటే గొంతుతో చేసేది కళ మాత్రమే కాదు, కూడు పెట్టే పని. పని అన్నాక పనిచేసే చోటు ఉంటుంది. ఆ చోటు బాగుందా లేదా అన్న ప్రశ్న ఉంటుంది.

బాబాసాహెబ్‌ని చూడండి. 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టింది ఆయనే. నోరు లేనివాళ్ళకి నోరు కావాలన్న మనిషి, 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉండి ఏం చేశాడు? గనుల్లో పనిచేసే ఆడవాళ్ళ ప్రసూతి సాయం, కార్మికుల పనిగంటలు పట్టించుకున్నాడు. 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి 54 గంటల పని 48కి దిగింది. గొంతు, శరీరం ఆయనకి రెండు వేరు వేరు సబ్జెక్టులు కాలేదు. మనకెందుకు అయినాయి?

తరంగాలు ఊరికే రాలేదు

గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని తర్వాత కూడా సర్కారు తలుపు తీయలేదు. 2002లో కాలేజీలకు, యూనివర్సిటీలకు మాత్రం ఇచ్చింది. పల్లె జనానికి, సంఘాలకు 2006 దాకా దారి లేదు.

ఆ దారి తెరుచుకున్నాక మొదట లోపలికి నడిచింది ఎవరో తెలుసా? మన తెలుగు గడ్డ మీది దళిత ఆడవాళ్ళు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు 1990ల చివర్లోనే స్టూడియో కట్టుకుని, కార్యక్రమాలు రికార్డు చేసుకుని, లైసెన్సు కోసం పదేళ్ళు ఎదురు చూశారు. 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. 1995 తీర్పు రాసిన జడ్జి ఆయనే. ఆ రేడియో నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే: జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. మిక్సర్ మీద వేళ్ళు వాళ్ళవే, మైకు ముందు గొంతూ వాళ్ళదే.

ప్రసారం టైం చూడండి: రాత్రి 7 నుంచి 9. చేను పని అయిపోయి, పొయ్యి ముట్టించి, ఆడమనిషి కొంచెం కుదురుగా కూర్చునే వేళ. పనిచేసే మనిషి ఒళ్ళు ఎప్పుడు అలుస్తుందో తెలిసినోళ్ళకే ఆ టైం తడుతుంది. సిటీలో కూర్చుని టైంటేబుల్ వేసేవానికి తట్టదు. రేడియోని శరీరం వైపు నుంచి ఆలోచించడం మనకి చేతకాని విద్యేం కాదని చెప్పడానికే ఇదంతా.

దేశంలో ఇప్పుడు కమ్యూనిటీ రేడియోలు 500 దాటాయి. అందులో రోజూ మైకు ముందు కూర్చునేది చాలా చోట్ల వాలంటీర్లే.

ఇప్పుడు గది లోపలికి పోదాం

రెండేళ్ళ కింద పిలిస్తే ఒక స్టూడియోకి వెళ్ళాను. పేరు, ఊరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఆ ఒక్క చోటి కథ కాదు. పదడుగుల గది. కిటికీని ఇటుకతో మూసేశారు. గోడలకి కోడిగుడ్ల అట్టలు, పైకప్పుకి స్పాంజి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, రికార్డింగ్ టైంలో ఎవరూ తోసుకు రాకుండా బయట గడియ పెడుతున్నారు. ఏసీ ఉంది గానీ శబ్దం వస్తుందని ఆపేస్తారు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి మూడో పిన్ను విరిచేసి ఉంది. లోపల నలుగురు ఆడపిల్లలు చెమటలో తడిసిపోయి డైలాగులు చదువుతున్నారు. బయటికి వచ్చాక ఒక పాప అంది: “తల పగిలిపోతాంది సార్. రోజూ ఇంతే.” పక్కనున్న కోఆర్డినేటర్ మెచ్చుకుంటూ అన్నాడు: “మా పిల్లలు చాలా కమిటెడ్ సార్.”

ఆ తలనొప్పిని కమిట్‌మెంట్ అని రాసుకున్నారు. అది ఏమిటో లెక్క వేద్దాం. పదడుగులు ఇంటూ పదడుగులు ఇంటూ తొమ్మిదడుగుల గదిలో పట్టే గాలి సుమారు 25 వేల లీటర్లు. ఊరికే కూర్చున్న మనిషి గంటకి సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలుగురు అంటే 72 లీటర్లు. బయట గాలిలో అది పది లక్షల పాళ్ళకి 420 పాళ్ళు ఉంటుంది. మూసేసిన ఆ గదిలో గంట తిరిగేసరికి 3,300 దగ్గరికి పోతుంది. వెయ్యి దాటితేనే గాలి ఆడనట్టు లెక్క. తల బరువు, నిద్రమత్తు, మాట తడబడటం అందుకే. ఇంకో అర్థం కూడా ఉంది: ఆ గదిలో ఒకరు వదిలిన ఊపిరినే మిగిలినవాళ్ళు పీలుస్తున్నారు. ప్రపంచంలో టీబీ కేసుల్లో నాలుగో వంతు మన దేశానివే. టీబీ గాలిలోనే పాకుతుంది, తిండి చాలని ఒళ్ళుని ముందు పట్టుకుంటుంది. అట్లాంటి గదిలో, ఒకే మైకు స్పాంజికి నలుగురూ నోరు ఆనించి మాట్లాడుతుంటే మనం ఏం ప్రసారం చేస్తున్నట్టు?

మా కొలిమిగుండ్ల నుంచి బెలూం గుహలు ఎంతో దూరం లేవు. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. భూమి లోపలికి దిగే టూరిస్టులకి గాలి ఆడాలని టూరిజం శాఖవాళ్ళు గొట్టాలు వేసి లోపలికి గాలి పంపుతారు. టికెట్ కొన్నవాని ఊపిరికి ఆ మర్యాద ఉంది. ఉచితంగా వచ్చిన మన పిల్ల ఊపిరికి ఎందుకు లేదు?

మా వైపు ఇంకో సంగతి ఉంది. కొలిమిగుండ్ల అంటే నాపరాయి. గనులు, బండలు కోసే మిషన్లు, పాలిష్ ఫ్యాక్టరీలు. రేడియోకి వచ్చే పిల్లోడు పగలంతా యాడ ఉంటాడు? బండల దగ్గరే. రాయి కోసేచోట పుట్టే సన్న దుమ్ములో సిలికా ఉంటే అది ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. సిలికోసిస్‌కి మందు లేదు. వచ్చినవాళ్ళకి టీబీ సోకే ముప్పు కూడా ఎక్కువ. సాయంత్రం అవే బట్టలతో, అదే దుమ్ముతో, కిటికీ లేని గదిలోకి వస్తాడు. ఆ దుమ్ము స్పాంజిలోకి, కార్పెట్‌లోకి దిగుతుంది. ఎవరో కుర్చీ జరిపినప్పుడల్లా లేస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రైనర్ ఇచ్చిన చెక్‌లిస్టులో ఇది ఉండదు. ఎందుకంటే ఆ చెక్‌లిస్టు రాసినోని వాలంటీర్ బండల మిషన్ దగ్గర నుంచి రాడు. మన గదికి రూల్సు మనమే రాసుకోవాలి: వాకిట్లో నీళ్ళు, కాళ్ళు చేతులు కడుక్కోవడం, మార్చుకోను ఒక చొక్కా, చీపురు బదులు తడిగుడ్డ.

నాపరాయి గోడలు శబ్దాన్ని తిప్పి కొడతాయి, నిజమే. గుడ్ల అట్టలు అంటించేది అందుకే. వాటితో బయటి శబ్దం ఆగదు, లోపలి మోత కొంచెం తగ్గుతుంది అంతే. అగ్గిపుల్ల తగిలితే మాత్రం గోడంతా ఒకేసారి అంటుకుంటుంది. స్పాంజి ఇంకా ఘోరం. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్, 2013లో బ్రెజిల్‌లో కిస్ అనే నైట్‌క్లబ్. మొదటిదాంట్లో 100 మంది, రెండోదాంట్లో 242 మంది చనిపోయారు. రెండు చోట్లా మంటని మోసింది శబ్దం బయటికి పోకుండా అంటించిన ఫోమే. అది కాలితే కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్ పొగ వస్తుంది. మంట తగలకముందే మనిషి కూలిపోతాడు. అవి వందల మంది పట్టే హాళ్ళు. మనది పదడుగుల గది, బయట గడియ.

షాకు, టవరు, చెవి

రేడియో స్టేషన్ అనగానే జనం అడిగేది రేడియేషన్ గురించి. కమ్యూనిటీ రేడియో ట్రాన్స్‌మిటర్ సాధారణంగా 50 వాట్లది. దాని భయం యాంటెన్నా పక్కకి పోయే మనిషికి ఉండాలి, ఊరికి కాదు. ఎవరైనా పైకి ఎక్కేముందు ట్రాన్స్‌మిటర్ ఆపేసి, స్విచ్ దగ్గర మనిషిని కాపలా పెడితే ఆ భయం తీరుతుంది. చంపేవి వేరే ఉన్నాయి, వాటికి మనం అలవాటు పడిపోయినాం.

ఒకటి కరెంటు. జాతర్లో మైకు పట్టుకుంటే జిల్లుమనడం మనందరికీ తెలుసు, నవ్వుకుంటాం. ఎర్తింగ్ లేని యాంప్లిఫయర్‌లో లీకైన కరెంటు వైరు వెంట మైకు ఇనుప ఒంటికి వస్తుంది. పెదవి తడిగా ఉంటుంది, కాళ్ళకి చెప్పులు ఉండవు, కింద బండల నేల. దారి పూర్తయింది. మూడో పిన్ను విరిచిన చేతికి ఆ సంగతి తెలీదు. సరైన ఎర్తింగ్ గుంత, 30 మిల్లీయాంపులకి ట్రిప్ అయ్యే బ్రేకర్. రెండూ కలిపినా మంచి మైకు ధర కన్నా ఎక్కువ కాదు. కరెంటు పోతే జనరేటర్ వేస్తారు కదా, దాన్ని వరండాలో పెట్టకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టు ఉంటుంది, అంతే. యూపీఎస్ బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. వాటిని కూడా ఆ మూసిన గదిలోనే బల్ల కింద తోస్తున్నాం.

రెండోది టవర్. రూల్సు ప్రకారం 30 మీటర్ల దాకా ఉండొచ్చు. వంద అడుగులు. ఎక్కేది ఎవరు? కోఆర్డినేటర్ ఎక్కడు, ట్రస్టు సెక్రటరీ ఎక్కడు. “మావోడు చింతచెట్టు ఎక్కినట్టు ఎక్కుతాడు సార్” అని భుజం తట్టి మన పేట పిల్లోణ్ణి ఎక్కిస్తారు. మ్యాన్‌హోల్‌లోకి దిగేది ఎవరో, టవర్ ఎక్కేది ఎవరో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. దిగడానికీ మనమే, ఎక్కడానికీ మనమే. కులం పనిని మాత్రమే పంచలేదు, పనివాళ్ళని కూడా విడగొట్టింది అని బాబాసాహెబ్ చెప్పింది ఇదే. ప్రమాదం కూడా అదే లెక్కలో పంచుతారు. ఒళ్ళంతా పట్టే హార్నెస్, హెల్మెట్, కింద రెండో మనిషి, ఉరుము వినిపిస్తే పని బంద్. ఇవి లేకుండా ఎక్కమన్నవాణ్ణి ముందు ఎక్కి చూపించమనండి.

మూడోది చెవి. ఇది చంపదు, కాబట్టి ఎవరికీ పట్టదు. 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైం సగమవుతుంది. 89 దగ్గర 5 గంటలే. ఫ్యాను మోత మీద వినబడాలని హెడ్‌ఫోన్ ఫుల్లుగా పెట్టుకుని రోజూ మూడు గంటలు ఎడిటింగ్ చేసే పిల్లకి పాతికేళ్ళకే చెవిలో ఈల మోగుతుంది. పోయిన చెవి తిరిగిరాదు. రేపు ఆమెకి కాల్ సెంటర్ ఉద్యోగం కూడా రాదు.

చట్టం దగ్గర వాలంటీర్ ఎవరు?

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో ఒకటి పనిచోట భద్రత, ఆరోగ్యం గురించినదే, 2020లో పార్లమెంటు చేసింది. చదివి చూడండి. పదిమంది, ఆపైన పనివాళ్ళు ఉన్న సంస్థకి వర్తిస్తుంది. పనివాడు అంటే జీతానికో ప్రతిఫలానికో పనిచేసేవాడు. ముగ్గురు జీతగాళ్ళు, ఇరవై మంది వాలంటీర్లు ఉన్న రేడియో స్టేషన్ దాని కంటికి ఆనదు. ఆ ఇరవై మంది చట్టానికి మనుషులు కారు, అభిమానులు.

చట్టానికి వాలంటీర్‌ని చూడటం చేతకాదా? అవుతుంది. 2013లో పనిచోట లైంగిక వేధింపుల చట్టం వచ్చింది. దానిలో ఉద్యోగి అంటే జీతం ఉన్నా లేకపోయినా, స్వచ్ఛందంగా పనిచేసినా ఉద్యోగే. చట్టంలో రాసే ఉంది. ఆ మాట అక్కడికి ఎట్లా వచ్చింది? దాని వెనక 1997 నాటి విశాఖ తీర్పు ఉంది. దాని వెనక భన్వరీదేవి ఉంది. రాజస్థాన్‌లో కుమ్మరి కులపు మనిషి, సర్కారు మహిళాభివృద్ధి కార్యక్రమంలో చిన్న గౌరవ వేతనానికి పల్లె పల్లె తిరిగిన కార్యకర్త. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. గౌరవ వేతనపు మనిషికి జరిగింది పనిలో జరిగిందే అని ఒప్పించడానికి అంత కావలసి వచ్చింది. రాత్రి 9కి ప్రసారం ముగించి ఒంటరిగా పేటకి నడిచిపోయే మన అమ్మాయికి ఆ చట్టం వర్తిస్తుంది. చిన్న స్టేషన్ అయినా జిల్లాలో లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎన్ని స్టూడియోల గోడ మీద ఆ కాగితం ఉంది?

“గౌరవ”, “సేవ” అనే మాటలు వినబడినప్పుడల్లా జేబు తడుముకోండి. మన అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేశారు. కనీస వేతనం అడిగినప్పుడు వాళ్ళు గౌరవ కార్యకర్తలు. సమ్మెకి కూర్చున్నప్పుడు అత్యవసర సేవలు, ఎస్మా. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే అని చెప్పింది. అంటే ఆ “గౌరవం” లోపల ఉన్నది ఉద్యోగమే అని కోర్టుకి అర్థమైంది. మన సంఘాలకి ఎప్పుడు అర్థమవుతుంది?

మనోళ్ళు అనే మాటలు

ఇప్పుడు కామెంట్లలో ఏం వస్తుందో నాకు తెలుసు.

“ముందు గొంతు బయటికి రానీ అన్నా, సేఫ్టీ తర్వాత చూసుకుందాం.” తర్వాత అనేది ఎప్పుడూ రాదు. గుడ్ల అట్టలు ఒకసారి అంటిస్తే పదేళ్ళు ఉంటాయి. గది కట్టేటప్పుడు కిటికీ పెడితే ఖర్చు తక్కువ, కట్టినాక గోడ పగలగొడితే ఎక్కువ. ఈ వాదనకి లెక్క కూడా రాదు.

“ఉద్యమం అంటే త్యాగం.” ఎవరి త్యాగం? వేంపెంట ఉన్న జిల్లా మాది. చావు అంటే ఏమిటో మాకు చెప్పనక్కర్లేదు. శత్రువు చేతిలో పోయిన ప్రాణానికి ఒక అర్థం చెప్పుకుంటాం. ఎర్తింగ్ వైరుకి పిసినారితనం చేసి తీసిన ప్రాణానికి ఏ పాట కడతాం?

“డబ్బుల్లేవు.” నేను చూసిన ఒక ప్రాజెక్టు బడ్జెట్‌లో ప్రారంభోత్సవం షామియానాకి, శాలువాలకి, మెమెంటోలకి గడి ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యానుకి లేదు. డబ్బులు ఎప్పుడూ ఉంటాయి, వరస వేరు.

“రూల్సు పెడితే సర్కారు వాటినే పట్టుకుని మూసేస్తుంది.” ఇది ఒక్కటే ఆలోచించాల్సిన మాట. నిజమే, మన స్టేషన్ నచ్చని పెద్దమనిషి ఫైర్ ఎన్‌ఓసీ పేరుతో తాళం వేయించగలడు. అందుకే రూల్సు బయటినుంచి వచ్చేలోపు మనమే రాసుకోవాలి, పాటించాలి, రిజిస్టర్‌లో పెట్టాలి. గోడకి ఫోమ్ లేని, తలుపు బయటికి తెరుచుకునే స్టేషన్‌కి తాళం వేయడం కష్టం.

“మనోళ్ళ మీద మనమే రాస్తే పగవాడు నవ్వుతాడు.” పగవాడు ఎప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు. మన పిల్ల తలనొప్పి కన్నా వాని నవ్వు నాకు ముఖ్యం కాదు.

బొలీవియా తగరపు గనుల కార్మికులు 1940ల చివరి నుంచి సొంత రేడియోలు నడిపారు. తమ కూలిలోంచే ఒక భాగం తీసి పెట్టారు. గని దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై నడివయసులోనే పోయే మనుషులు వాళ్ళు. వాళ్ళ రేడియోలో గని గురించి, జీతం గురించి, జబ్బు గురించి మాట్లాడారు. సైన్యం వచ్చి స్టేషన్లు పగలగొడితే మళ్ళీ కట్టుకున్నారు. కొలిమిగుండ్ల నాపరాయి గనుల నడుమ రేడియో పెడితే అది మాట్లాడాల్సిన మొదటి సంగతి దుమ్ము. దుమ్ము గురించి దుమ్ము నిండిన గదిలోంచి ఏ మొహంతో మాట్లాడతాం?

మైకు కొనకముందు చేయాల్సింది

పిల్లలూ, మీరు అడిగిన మిక్సర్ సంగతి తర్వాత చెబుతా. ముందు ఇవి.

1. కిటికీ లేని గది తీసుకోకండి. శబ్దం భయం ఉంటే వంకర తిరిగిన గాలి గొట్టం కట్టి లోపల రాక్‌వుల్ పరవండి, గాలి వస్తుంది, హోరు రాదు. అది కూడా చేతకాకపోతే 20 నిమిషాలు రికార్డింగ్, 10 నిమిషాలు తలుపు బార్లా.

2. గుడ్ల అట్టలు, స్పాంజి పీకేయండి. రాక్‌వుల్ పలకలకి గట్టి గుడ్డ తొడిగి పెట్టండి. అది కాలదు.

3. తలుపు బయటికి తెరుచుకోవాలి. బయట గడియ ఉండకూడదు. ఎర్ర బల్బు చాలు.

4. ఎర్తింగ్, బ్రేకర్, మంటలార్పే సిలిండర్. కరెంటు తెలిసినోడు చూసి సంతకం పెట్టాకే స్విచ్ వేయండి.

5. టవర్ పని వాలంటీర్ పని కాదు. కూలి ఇచ్చి, హార్నెస్ ఇచ్చి, ఆ పని వచ్చినవాళ్ళతో చేయించండి.

6. ఎవరి హెడ్‌ఫోన్ స్పాంజి, మైకు గుడ్డ వాళ్ళవి. దగ్గు రెండు వారాలు దాటితే మైకు ముందు కాదు, కఫం పరీక్షకి. పరీక్ష సర్కారు ఆస్పత్రిలో ఉచితం. దాన్ని అవమానం చేయకండి, తోడు పొండి.

7. రాత్రి ప్రసారం అయ్యాక ఇంటికి చేర్చే బాధ్యత స్టేషన్‌ది. లోకల్ కమిటీ వివరాలు గోడ మీద ఉండాలి.

8. ప్రతి వాలంటీర్ పేరు మీద ప్రమాద బీమా. ఏమైనా అయితే ఖర్చు ఎవరు పెడతారో మొదటి రోజే కాగితం మీద రాసి, ట్రస్టువాళ్ళతో సంతకం పెట్టించండి. ఆ సంతకం పెట్టనంటే మీరు మైకు ముట్టుకోకండి.

ఎనిమిదోది అన్నిటికన్నా కష్టం, నాకు తెలుసు. మిగతా ఏడూ డబ్బుతో అవుతాయి. ఇది మాత్రం “మా వాలంటీర్” అనేవాణ్ణి “మా మనిషి” అని రాసివ్వమని అడగడం. చాటింపు వేసిన మన తాతకి ఎవరూ రాసివ్వలేదు. మన పిల్లలకి మన స్టేషనే రాసివ్వకపోతే ఇంకెవరు ఇస్తారు?

మీ దగ్గర ఇప్పటికే నడుస్తున్న స్టూడియో ఉంటే పై ఎనిమిదిలో ఎన్ని ఉన్నాయో కామెంట్‌లో అంకె మాత్రం పెట్టండి. స్టేషన్ పేరు వద్దు, మనుషుల పేర్లు వద్దు. సున్నా అయినా పెట్టండి. వచ్చే భాగంలో ఆ అంకెలు ముందర పెట్టుకుని, లైసెన్సు అప్లికేషన్ ఎట్లా నింపాలో మాట్లాడుకుందాం.

జై భీమ్.